ఒకే కంపెనీ ఖాతాలో ఉండిపోవాలా, బయటికి రావాలా: నాలుగు దారుల పోలిక

మెయిల్, ఫోటోలు, ఫోన్ నంబర్లు, పత్రాలు, పాస్‌వర్డులు, ఇతర వెబ్‌సైట్లలోకి వెళ్లే లాగిన్‌తో సహా అన్నీ ఒకే ఖాతాకు ముడిపడి ఉన్నవాళ్లు మనలో చాలామంది. ఎవరూ ఒకరోజు కూర్చుని ఆలోచించి ఈ నిర్ణయం తీసుకోలేదు. కొత్త ఫోన్ ఖాతా అడిగింది, తెరిచాం. ఫోటోలు దాచిపెట్టమంటారా అని అడిగింది, సరే అన్నాం. ఇంకో సైట్‌లో కొత్త పాస్‌వర్డ్ పెట్టుకునే ఓపిక లేక, ఉన్న ఖాతాతోనే లోపలికి వెళ్లే బటన్ నొక్కాం. అలా ఒక్కొక్కటే చేరి, ఇప్పుడు ఆ ఖాతా పోతే సగం పనులు ఆగిపోయే స్థితికి వచ్చాం.

ఇది గమనించి మారాలనుకున్నవాళ్లకు వెంటనే ఇంకో చిక్కు. ఒకరు విండోస్‌కు బదులు లినక్స్ అనే ఉచిత సిస్టమ్ వేసుకోమంటారు. ఒకరు ఇంట్లోనే సొంత సర్వర్, అంటే ఎప్పుడూ నడుస్తూ మన డేటా అందించే కంప్యూటర్, పెట్టుకోమంటారు. మరొకరు డబ్బు కట్టి స్వతంత్ర మెయిల్ సేవ తీసుకోమంటారు. ఇవేవీ అక్కర్లేదు, ఉన్నచోటే జాగ్రత్తగా ఉంటే చాలు అనేవాళ్లూ ఉన్నారు. నాలుగు మాటల్లోనూ నిజం ఉంది. ఏది ఎవరికి సరిపోతుందో తేల్చుకోవడానికే ఈ పోలిక.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. ఏ సాఫ్ట్‌వేర్ గొప్పది అనేదాని కంటే, రేపు దాన్ని వదిలేయాల్సి వస్తే మనకు ఎంత నష్టం అన్నది ముఖ్యం. ఆ నష్టం రోజురోజుకీ పెరిగే చోట ముందు మారాలి. పెరగని చోట తొందరేమీ లేదు.

## ఇబ్బంది అసలు ఎక్కడుంది

పెద్ద కంపెనీల సేవలు బాగా పనిచేస్తాయి. భద్రత కోసం వాటి ఇంజినీర్లు చేసే పని చిన్నదేమీ కాదు. ఇబ్బంది నాణ్యతతో కాదు, నిర్ణయం ఎవరి చేతిలో ఉందన్నదానితో.

వెబ్‌సైట్లలో వచ్చే కొత్త రాతలను ఒకేచోట చదివించే తన రీడర్ సేవను గూగుల్ 2013 జులైలో మూసేసింది. వాడేవాళ్లు ఎంత మొత్తుకున్నా ఫలితం లేదు. గూగుల్ ఫోటోస్‌లో ఎన్ని ఫోటోలైనా ఉచితంగా దాచుకునే సౌకర్యం 2021 జూన్ 1తో ముగిసింది. అప్పటికి జనం ఏళ్ల తరబడి ఫోటోలన్నీ అక్కడే పోశారు. అడోబ్ 2013లో తన ప్రోగ్రాములను ఒకసారి కొనుక్కునే పద్ధతి నుంచి చందా పద్ధతికి మళ్లించింది. మైక్రోసాఫ్ట్ 2019లో ఈ-పుస్తకాల అమ్మకం ఆపేసినప్పుడు, కొన్నవాళ్లకు డబ్బు తిరిగి ఇచ్చింది. కానీ వాళ్లు కొన్న పుస్తకాలు తెరుచుకోకుండా పోయాయి.

విండోస్ 10 సంగతి ఇంకా తాజాది. 2025 అక్టోబర్ 14తో దాని మామూలు సపోర్ట్ ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, కొంత కొత్త ప్రాసెసర్ కావాలి. దాంతో చక్కగా పనిచేస్తున్న కంప్యూటర్లు కూడా అధికారికంగా కొత్త విండోస్‌కు పనికిరాకుండా పోయాయి. భద్రతా అప్‌డేట్ల కోసం అదనపు గడువు పథకం పెట్టారు గానీ, అది గడువే తప్ప పరిష్కారం కాదు.

కొన్నిసార్లు నిర్ణయం కంపెనీ చేతిలో కూడా ఉండదు. 2019లో అమెరికా ఆంక్షల కారణంగా ఇరాన్, సిరియా, క్రిమియాల్లోని డెవలపర్ల ఖాతాలపై, కోడ్ దాచుకునే సైట్ గిట్‌హబ్ పరిమితులు పెట్టింది. ఇరాన్‌లోని వాళ్లకు పూర్తి సేవలు తిరిగి తెచ్చేందుకు ప్రత్యేక అనుమతి దొరికేసరికి 2021 వచ్చింది. ఆ డెవలపర్లు తప్పేమీ చేయలేదు. వాళ్లు రాసిన కోడ్ ఇంకో దేశపు చట్టానికి లోబడిన చోట ఉంది, అంతే.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

మొదటిది: డేటా తీసుకుని బయటికి రాగలమా? గూగుల్ 2011 నుంచే మన డేటాను దించుకునే టేక్‌అవుట్ అనే సదుపాయం ఇస్తోంది. ఐరోపా సమాఖ్యలో 2018 మే నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ చట్టం, తమ డేటాను మరో చోటికి తీసుకెళ్లే హక్కును వాడుకరులకు ఇచ్చింది. అయితే డౌన్‌లోడ్ బటన్ ఉన్నంత మాత్రాన బయటికి రాగలిగినట్టు కాదు. చేతికొచ్చినదాన్ని ఇంకో ప్రోగ్రాం చదవగలగాలి. టేక్‌అవుట్‌తో ఫోటోలు దించుకుంటే, మీరు చేర్చిన వివరణల్లాంటివి ఫోటోలో కాకుండా పక్కన వేరే ఫైళ్లలో వస్తాయి. వాటిని మళ్లీ కలపడం ఒక పెద్ద పని. ఇంకో ఉదాహరణ: గూగుల్ డాక్స్‌లో రాసిన పత్రం మీ కంప్యూటర్‌లోని డ్రైవ్ ఫోల్డర్‌లో ఫైల్‌లా కనిపిస్తుంది. నిజానికి అది ఒక లింకు మాత్రమే, రాసిన మాటలు అందులో ఉండవు. ఆ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి బ్యాకప్ అయిపోయిందనుకునేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సిన విషయం ఇది.

రెండోది: చేసినవాళ్లు వదిలేస్తే ఇంకొకరు నడిపించగలరా? స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అసలు బలం ఇక్కడే ఉంది. అమెరికా ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ అనే స్వేచ్ఛా సిస్టమ్ ప్రాజెక్టును ప్రకటించారు. ఆ ఉద్యమం నాలుగు స్వేచ్ఛల గురించి మాట్లాడుతుంది: ప్రోగ్రాంను ఏ పనికైనా వాడుకోవడం, లోపల ఎలా పనిచేస్తుందో చూసి మార్చుకోవడం, ప్రతులు పంచడం, మార్చిన ప్రతులనూ పంచడం. కోడ్ రాయనివాళ్లకు వీటితో పనేంటి అని అడుగుతారు. 2010లో జరిగిందే జవాబు. పత్రాలు రాసుకునే ఓపెన్ ఆఫీస్‌ను చూసుకుంటున్న సన్ మైక్రోసిస్టమ్స్‌ను ఒరాకిల్ కొనేసింది. ప్రాజెక్టు భవిష్యత్తు మీద అనుమానం వచ్చిన డెవలపర్లు అదే కోడ్ తీసుకుని లిబ్రేఆఫీస్ మొదలుపెట్టారు. వాడుకరుల ఫైళ్లు దానిలోనూ తెరుచుకున్నాయి. వాళ్లలో అత్యధికులకు కోడ్ రాయడం రాదు, అయినా ఆ స్వేచ్ఛే వాళ్లను కాపాడింది. గూగుల్ రీడర్ విషయంలో అలాంటి అవకాశమే లేకపోయింది.

లైసెన్స్‌తో పాటు హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయో కూడా చూడాలి. క్లౌడ్ సర్వర్లను అమర్చే టెర్రాఫామ్ అనే ప్రోగ్రాం చాలా ఏళ్లు ఓపెన్ సోర్స్‌గా, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉండేలా, ఉంది. దాని యజమాని హాషికార్ప్ 2023 ఆగస్టులో లైసెన్స్ మార్చేసింది. 2024 మార్చిలో రెడిస్ అనే డేటాబేస్ కూడా అదే బాట పట్టింది. పాత కోడ్ నుంచి ఓపెన్‌టోఫు, వాల్కీ పుట్టాయి, ఇప్పుడు రెండూ లినక్స్ ఫౌండేషన్ నీడలో ఉన్నాయి. వాడేవాళ్లకు దారి దొరికింది గానీ మధ్యలో టెన్షన్ తప్పలేదు. ఒకే కంపెనీ నడిపే ఓపెన్ సోర్స్ కంటే, అనేకమంది చేతుల్లో ఉన్న ప్రాజెక్టు మీద నాకు నమ్మకం ఎక్కువ.

మూడోది: తాళంచెవి ఎవరి దగ్గర ఉంది? కంపెనీ మీ డేటాను చదవగలదా, మీ ఖాతాను ఆపేయగలదా అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలు. ఎన్‌క్రిప్షన్, అంటే తాళంచెవి లేనివాళ్లు చదవలేకుండా డేటాను మార్చేయడం, మొదటిదానికి జవాబిస్తుంది. రెండోదాని నుంచి కాపాడదు.

నాలుగోది: పాడైతే ఎవరు బాగుచేస్తారు? అర్ధరాత్రి ఆగిపోతే లేచి చూసేది ఎవరు? చాలామంది ఈ ప్రశ్న వేసుకోకుండానే సొంత సర్వర్ పెడతారు.

ఐదోది: అవతలివాళ్లు ఎక్కడున్నారు? మెయిల్‌కు ఈ బాధ లేదు. ఏ సేవ నుంచి ఏ సేవకైనా ఉత్తరం వెళ్తుంది. మెసేజింగ్‌కు ఇదే అతిపెద్ద అడ్డంకి.

డబ్బు కూడా కొలమానమే. కానీ ఉచితంగా దొరికే సేవల్లోనే బంధం గట్టిగా ఉండటం, కొన్ని స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సేవలకు డబ్బు కట్టాల్సి రావడం చూశాక, దాన్ని చివరికి నెట్టాను.

| | ఉన్నచోటే, జాగ్రత్తలతో | డబ్బు కట్టే స్వతంత్ర సేవ | సొంత కంప్యూటర్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ | సొంత సర్వర్ |
|---|---|---|---|---|
| బయటికి రావడం | మీ క్రమశిక్షణను బట్టి | సొంత డొమైన్ (చిరునామాలో @ తర్వాతి పేరు) ఉంటే తేలిక | చాలా తేలిక | తేలిక |
| ఇంకొకరు కొనసాగించగలరా | లేదు | సేవను కాదు, కొన్నిటి ప్రోగ్రాములను మాత్రం | అవును | అవును |
| తాళంచెవి | కంపెనీ దగ్గర | సేవను బట్టి | మీ దగ్గర | మీ దగ్గర |
| మరమ్మతు | కంపెనీ | ఆ సేవ | మీరు, తెలిసినవాళ్లు | పూర్తిగా మీరే |
| నేర్చుకోవాల్సింది | దాదాపు ఏమీ లేదు | కొద్దిగా | మధ్యస్తం | చాలా |
| ఖర్చు | ఉచితం లేదా చందా | చందా, డొమైన్ | సమయం | యంత్రం, కరెంటు, సమయం |

## మొదటి దారి: ఉన్నచోటే, తలుపు తీసి ఉంచుకుని

దీన్ని ఓడిపోవడంగా చూసేవాళ్లతో నేను ఏకీభవించను. సమయం లేనివాళ్లకు ఇదే సరైన మొదటి మెట్టు. అయితే కొన్ని పనులు తప్పనిసరి.

ఇతర సైట్లలో ఆ కంపెనీ బటన్‌తో కాకుండా, మెయిల్ చిరునామా, పాస్‌వర్డ్‌తో లోపలికి వెళ్లేలా మార్చుకోండి. పాస్‌వర్డులను బ్రౌజర్ నుంచి తీసి, పాస్‌వర్డులు దాచే ప్రోగ్రాములైన బిట్‌వార్డెన్‌లో గానీ కీపాస్‌ఎక్స్‌సీలో గానీ పెట్టండి. రెండింటి కోడ్ కూడా బహిరంగమే. రెండంచెల ధ్రువీకరణకు ఇచ్చే రికవరీ కోడ్లను కాగితం మీద రాసి దాచుకోండి. ఏడాదికి కనీసం రెండుసార్లు డేటా మొత్తం దించుకుని, తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోవద్దు.

గూగుల్ ఖాతా ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాల్సినవి ఇంకో రెండు. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కూ డ్రైవ్‌కూ ఫోటోలకూ కలిపి. ఫోటోలతో నిండిపోతే మెయిల్ రావడం ఆగిపోతుంది. రెండేళ్లు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే విధానం 2023 డిసెంబర్ నుంచి మొదలైంది. పెద్దవాళ్ల పేరు మీద తెరిచి మరిచిపోయిన ఖాతాలో పాత ఫోటోలుంటే ఈరోజే చూసుకోండి.

ఇంత చేసినా, నిబంధనలు మార్చే హక్కు కంపెనీదే. బయటికి వెళ్లే ఖర్చు తగ్గుతుంది, అంతవరకే.

## రెండో దారి: డబ్బు కట్టి స్వతంత్ర సేవ

ఇక్కడ అసలు విషయం సేవ పేరు కాదు, సొంత డొమైన్, అంటే మెయిల్ చిరునామాలో @ తర్వాత వచ్చే, మీరే కొనుక్కున్న పేరు. కంపెనీ పేరుతో ముగిసే చిరునామా ఉన్నంతకాలం ఆ కంపెనీని వదలలేరు. బ్యాంకు, ఉద్యోగం, స్నేహితులు, ప్రభుత్వ సేవలు అన్నిటికీ ఆ చిరునామానే ఇచ్చి ఉంటారు. ఏటా అది ఇంకొన్ని చోట్లకు పాకుతుంది. అదే డొమైన్ మీదైతే, సేవ నచ్చనప్పుడు డొమైన్ సెట్టింగులలో కొన్ని వరుసలు మారిస్తే చాలు. చిరునామా మారదు, ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఈ వ్యాసం మొత్తంలో ఒక్క పనే చేస్తానన్నవాళ్లకు నేను చెప్పేది ఇదే.

దీనికో ప్రమాదమూ ఉంది. డొమైన్ గడువు తీరి చేజారితే, దాన్ని కొనుక్కున్నవాళ్లకు మీ ఉత్తరాలు వెళ్తాయి. పాస్‌వర్డ్ మార్చుకునే లింకులు కూడా వాళ్లకే వెళ్తాయి. అందుకే చాలా ఏళ్లకు ఒకేసారి కట్టేయండి. డొమైన్ కొన్న ఖాతాకు మాత్రం ఆ డొమైన్ మీదున్న మెయిల్ కాకుండా వేరే చిరునామా ఇవ్వండి. లేకపోతే ఇబ్బంది వచ్చిన రోజు హెచ్చరిక కూడా మీకు చేరదు.

సేవల్లో తేడాలున్నాయి. ప్రోటాన్ మెయిల్‌ను, సెర్న్ అనే భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రంలో కలుసుకున్న శాస్త్రవేత్తలు 2014లో స్విట్జర్లాండ్‌లో మొదలుపెట్టారు. దాచిన ఉత్తరాలను కంపెనీ కూడా చదవలేని విధంగా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. 2024లో లాభాపేక్ష లేని ఫౌండేషన్ కిందికి వెళ్లింది. అయినా చట్టానికి అతీతం కాదు. 2021లో స్విస్ అధికారుల ఆదేశం మేరకు ఫ్రాన్స్‌కు చెందిన ఒక ఉద్యమకారుడి ఐపీ చిరునామాను (ఇంటర్నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే సంఖ్యను) ఇవ్వాల్సి వచ్చింది. ఆస్ట్రేలియాకు చెందిన ఫాస్ట్‌మెయిల్ అలాంటి ఎన్‌క్రిప్షన్ ఇవ్వదు. కానీ ఐమ్యాప్ లాంటి బహిరంగ ప్రమాణాలను నేరుగా పాటిస్తుంది కాబట్టి ఏ మెయిల్ ప్రోగ్రాంతోనైనా వాడుకోవచ్చు, రేపు వదిలి వెళ్లడం చాలా సులువు. ప్రోటాన్‌లో థండర్‌బర్డ్ లాంటి మెయిల్ ప్రోగ్రాం వాడాలంటే మధ్యలో వాళ్ల బ్రిడ్జ్ ప్రోగ్రాం కావాలి, అది డబ్బు కట్టినవాళ్లకే.

అంటే గోప్యత పెరిగేకొద్దీ కదలిక కొంత తగ్గుతుంది. ఎవరైనా చదువుతారన్న భయం ఎక్కువైతే ప్రోటాన్ వైపు, ఇరుక్కుపోతామన్న భయం ఎక్కువైతే ఫాస్ట్‌మెయిల్ వైపు మొగ్గండి. ఇంకో నిజం కూడా చెప్పాలి. మీరు ఎక్కడికి మారినా, అవతలివాళ్లు జీమెయిల్‌లో ఉంటే మీ ఉత్తరం కాపీ అక్కడ ఉంటుంది.

## మూడో దారి: సొంత కంప్యూటర్‌లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్

చాలామంది ఇక్కడ తలకిందులుగా మొదలుపెడతారు. ముందే విండోస్ తీసేసి లినక్స్ వేస్తారు. తర్వాత ప్రతి ప్రోగ్రాం కొత్తది, ప్రతి మెనూ కొత్తది. రెండు వారాల్లో విసిగిపోయి వెనక్కి వస్తారు. దీనికి బదులు విండోస్‌లోనో మ్యాక్‌లోనో ఉంటూనే ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా మార్చండి. బ్రౌజర్‌కు ఫైర్‌ఫాక్స్, మెయిల్‌కు థండర్‌బర్డ్, పత్రాలకు లిబ్రేఆఫీస్, వీడియోలకు వీఎల్‌సీ, బొమ్మలు వేసేవాళ్లకు క్రిటా. ఇవన్నీ లినక్స్‌లో కూడా ఇలాగే ఉంటాయి. వీటికి చేయి అలవాటయ్యాక కింద ఉన్న సిస్టమ్ మారినా పెద్దగా తేడా తెలియదు.

సిస్టమ్ మార్చే రోజు వచ్చినప్పుడు, ముందు పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ నడిపి చూడండి. హార్డ్ డిస్క్‌లో ఏమీ మారదు. వైఫై, ప్రింటర్, కెమెరా, స్లీప్‌లోకి వెళ్లి లేవడం, ఈ నాలుగూ సరిగ్గా ఉంటే మిగతావి సర్దుకుంటాయి. లినక్స్‌లో చాలా రకాలున్నాయి. కొత్తవాళ్లకు నేను లినక్స్ మింట్ చెబుతాను, విండోస్ అలవాటున్న కంటికి దగ్గరగా ఉంటుంది. ఉబుంటులో ఎల్‌టీఎస్ అని వచ్చే వెర్షన్లకు 5 ఏళ్ల మామూలు సపోర్ట్ ఉంటుంది. 1993 నుంచి స్వచ్ఛంద సేవకులు నడుపుతున్న డెబియన్ వెనుక యజమాని కంపెనీ అంటూ లేదు. పై రెండో కొలమానం ప్రకారం అదే అందరికంటే గట్టిది.

ఎక్కడ ఇబ్బంది పడతారో కూడా తెలియాలి. అడోబ్ ప్రోగ్రాములు లినక్స్‌కు లేవు. ఫోటోషాప్ మీదే బతికేవాళ్లకు దాని స్వేచ్ఛా ప్రత్యామ్నాయమైన గింప్ సరిపోతుందని నేను చెప్పను. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ బ్రౌజర్‌లో తప్ప దొరకదు. మ్యాక్రోలతో (పనులను వాటంతటవే చేసే చిన్న ప్రోగ్రాములతో) నిండిన ఎక్సెల్ ఫైళ్లు లిబ్రేఆఫీస్‌లో సరిగ్గా నడవకపోవచ్చు. ఆన్‌లైన్‌లో ఆడే కొన్ని ఆటలు, మోసాలను పట్టే ప్రోగ్రాముల కారణంగా, లినక్స్‌ను లోపలికి రానివ్వవు. మిగతా ఆటల విషయంలో మాత్రం ఆటలు అమ్మే వాల్వ్ కంపెనీ కృషి వల్ల పరిస్థితి చాలా మెరుగుపడింది.

పత్రాల సంగతి విడిగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. వర్డ్ ఫైల్‌ను లిబ్రేఆఫీస్‌లో తెరిస్తే అక్షరాలన్నీ వస్తాయి, పేజీలు మాత్రం అటూ ఇటూ జరుగుతాయి. తరచుగా కారణం ఫాంట్. వర్డ్‌లో వాడిన కాలిబ్రి మీ దగ్గర లేకపోతే దాని స్థానంలో ఇంకోటి వస్తుంది. అదే కొలతలతో చేసిన కార్లిటో ఫాంట్ వేసుకుంటే ఈ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. మీరు మాత్రమే వాడే పత్రాలను ఓడీఎఫ్ అనే బహిరంగ ఫైల్ పద్ధతిలో దాచండి, 2006 నుంచి అది ఐఎస్ఓ ప్రమాణం. చదవడానికి పంపేవాటిని పీడీఎఫ్‌గా పంపండి. ఇద్దరూ కలిసి దిద్దాల్సిన ఫైల్‌కు మాత్రం ముందే ఒక ఒప్పందానికి రండి. ఒకే ఫైల్ రెండు ప్రోగ్రాముల మధ్య పదేపదే తిరిగితే చెడే ప్రమాదం ఎక్కువ.

పెద్ద సంస్థల అనుభవాలు ఈ విషయంలో బాగా నేర్పుతాయి. జర్మనీలోని మ్యూనిక్ నగర పాలన 2013 నాటికి దాదాపు 15 వేల కంప్యూటర్లను లినక్స్‌కు మార్చింది. 2017లో మళ్లీ విండోస్ వైపు తిరగాలని తీర్మానించింది. ఫ్రాన్స్ పోలీసు దళాల్లో ఒకటైన జాండర్మెరీ మరో పద్ధతిలో వెళ్లింది. 2005లో ముందు ఓపెన్ ఆఫీస్, తర్వాత ఫైర్‌ఫాక్స్, థండర్‌బర్డ్, ఆ తర్వాత 2008 నుంచి ఉబుంటు. ఇప్పటికీ పదుల వేల కంప్యూటర్లు దాని మీదే నడుస్తున్నాయి. జర్మనీలోనే ష్లెస్విగ్-హోల్‌స్టెయిన్ రాష్ట్రం 2024లో 30 వేల కంప్యూటర్లను లిబ్రేఆఫీస్‌కు మారుస్తామని ప్రకటించి, మెయిల్‌ను కూడా మైక్రోసాఫ్ట్ నుంచి బయటికి తెచ్చింది. మ్యూనిక్ ఎందుకు వెనక్కి వెళ్లిందన్నదాని మీద వాదనలు చాలా ఉన్నాయి, రాజకీయ నాయకత్వం మారడం వాటిలో ఒకటి. నాకు మాత్రం జాండర్మెరీ వరస ముఖ్యంగా కనిపిస్తుంది: ముందు ప్రోగ్రాములు, చివర సిస్టమ్. ఒక మనిషికైనా వేల మందికైనా అదే వరస పనిచేస్తుంది.

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కూ బలహీనతలు ఉన్నాయి. ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లా ఆదాయంలో ఎక్కువ భాగం గూగుల్‌తో ఉన్న సెర్చ్ ఒప్పందం నుంచే వస్తుంది. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ అనే చిన్న ప్రోగ్రాంలో దొంగదారి బయటపడింది. ఎవరో ఏళ్ల తరబడి నమ్మకం సంపాదించి, అలసిపోయి ఉన్న ఒక్క నిర్వాహకుడి దగ్గర చోటు దక్కించుకుని దాన్ని పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ లాగిన్ కొంచెం ఆలస్యం కావడం గమనించి తీగ లాగాడు. కోడ్ అందరికీ కనబడుతుంది కాబట్టే పట్టుకోగలిగారు. దాన్ని చూసుకునేవాడికి తోడు లేదు కాబట్టే అసలు జరిగింది. అందుకే, వాడే ప్రోగ్రాములకు వీలైనంత విరాళం ఇవ్వడాన్ని నేను దయగా కాక, ఖర్చులో భాగంగానే చూస్తాను.

## నాలుగో దారి: సొంత సర్వర్

ఫైళ్లు, క్యాలెండర్, పరిచయాలకు నెక్స్ట్‌క్లౌడ్, ఫోటోలకు ఇమిచ్, సినిమాలూ పాటలకు జెల్లీఫిన్. ఇవన్నీ ఇంట్లో ఒక చిన్న కంప్యూటర్ మీద నడుస్తాయి. నెక్స్ట్‌క్లౌడ్ కూడా ఒక చీలిక నుంచే పుట్టింది. ఓన్‌క్లౌడ్ అనే ప్రాజెక్టును మొదలుపెట్టిన ఫ్రాంక్ కార్లిచెక్ 2016లో బయటికి వచ్చి, అదే కోడ్‌తో దీన్ని కట్టారు.

అధికారం పూర్తిగా మీది, బాధ్యత కూడా మీదే. డిస్క్ పోవడం, అప్‌డేట్ చేస్తుంటే మధ్యలో ఆగిపోవడం, బయటి నుంచి దాడులు, అన్నీ మీరే చూసుకోవాలి. బ్యాకప్‌కు తెలిసిన సూత్రమే పాటించండి: 3 ప్రతులు, 2 రకాల సాధనాలు, 1 ప్రతి వేరే చోట. దీన్ని మొదలుపెట్టేముందు ఇంట్లోవాళ్ల కోణం నుంచి ఆలోచించండి. మీరు ఆస్పత్రిలో ఉంటే వాళ్లు ఫోటోలు ఎలా తెరుస్తారు? ఆ జవాబు కాగితం మీద రాసి ఉండకపోతే, మీ ఇంటివాళ్లు ఒక కంపెనీ మీద ఆధారపడటం మానేసి మీ మీద ఆధారపడటం మొదలుపెట్టినట్టే.

మెయిల్ సర్వర్ మాత్రం సొంతంగా పెట్టొద్దు. ఐపీ చిరునామాకు మంచి పేరు లేకపోతే మీ ఉత్తరాలు నేరుగా స్పామ్‌లోకి వెళ్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ పంపేవాళ్ల మీద షరతులు ఇంకా బిగించాయి. సర్వర్ల పనే వృత్తిగా ఉన్నవాళ్లకు తప్ప ఈ బాధ అక్కర్లేదు.

సర్వర్ వద్దు, క్లౌడ్ కూడా వద్దు అనుకునేవాళ్లకు మధ్యేమార్గం సింక్‌థింగ్. మీ ఫోన్, ల్యాప్‌టాప్‌ల మధ్య ఫైళ్లను నేరుగా పంపి, రెండుచోట్లా ఒకేలా ఉంచుతుంది. ఖాతా అవసరం లేదు. అవసరాలు తక్కువగా ఉన్నవాళ్లలో చాలామందికి ఇది చాలు.

## ఫోన్, మెసేజింగ్: ఇక్కడ రాజీ తప్పదు

ఆండ్రాయిడ్ మూల కోడ్ బహిరంగమే. కానీ చాలా యాప్‌లు గూగుల్ ప్లే సర్వీసెస్ మీద ఆధారపడతాయి, దాని కోడ్ మూసి ఉంటుంది. 2019లో అమెరికా ఆంక్షల తర్వాత హువావే కొత్త ఫోన్లలో ఆండ్రాయిడ్ ఉన్నా గూగుల్ సేవలు లేకుండా పోయాయి. కోడ్ దొరకడానికీ స్వతంత్రంగా బతకడానికీ ఉన్న దూరం అప్పుడు అందరికీ అర్థమైంది.

ఫోన్‌తో వచ్చిన సిస్టమ్‌ను తీసేసి, ఆండ్రాయిడ్ కోడ్‌తోనే చేసిన వేరే సిస్టమ్ వేసుకోవచ్చు. భద్రత ముఖ్యమైతే గ్రాఫీన్‌ఓఎస్ మంచిది, అయితే దాన్ని గూగుల్ తయారుచేసే పిక్సెల్ ఫోన్ల కోసమే రూపొందించారు. పాత ఫోన్‌కు ఆయుష్షు పెంచాలంటే లీనియేజ్‌ఓఎస్. ఏది వేసినా కొన్ని బ్యాంకు యాప్‌లు ఫోన్ సిస్టమ్‌ను తనిఖీ చేసి పనిచేయమని మొరాయిస్తాయి. కాబట్టి ఉన్న ఒక్క ఫోన్ మీద ప్రయోగం చేయకండి. ఫోన్ మార్చకుండానే ఎఫ్-డ్రాయిడ్ అనే యాప్‌ల స్టోర్ నుంచి స్వేచ్ఛా యాప్‌లు తెచ్చుకోవడం, బ్యాకప్‌లను ఆ కంపెనీ ఖాతాకు బయట పెట్టుకోవడం చాలామందికి సరిపోతాయి.

మెసేజింగ్‌లో సిగ్నల్ లాభాపేక్ష లేని ఫౌండేషన్‌ది, కోడ్ బహిరంగం, ఎన్‌క్రిప్షన్ గట్టిది. కానీ అందరూ ఒకే సేవలో ఉండాలి. అది అమెజాన్ క్లౌడ్‌ను వాడుతుంది కాబట్టి, 2025 అక్టోబర్‌లో ఆ క్లౌడ్ ఆగినప్పుడు సిగ్నల్‌కూ అంతరాయం కలిగింది. మ్యాట్రిక్స్ అనే మెసేజింగ్ వ్యవస్థలో మెయిల్‌లాగే ఎవరి సర్వర్ వాళ్లు పెట్టుకోవచ్చు, వాడటం మాత్రం కొంత కష్టం. కుటుంబానికి సిగ్నల్, బృందాలకు మ్యాట్రిక్స్ అని నా సలహా. వాట్సాప్‌ను పూర్తిగా తీసేయమని ఎవరినీ ఒత్తిడి చేయను. పిల్లల బడి గ్రూపు, ఆఫీసు గ్రూపు అక్కడ ఉంటే మీరొక్కరు బయటికి రావడం వల్ల కంపెనీకేమీ కాదు, సమాచారం అందక మీరే నష్టపోతారు.

## ఎవరికి ఏది

విద్యార్థులకు మూడో దారి. నేర్చుకునే సమయం ఉంది, పాత ల్యాప్‌టాప్ కూడా లినక్స్‌తో చక్కగా నడుస్తుంది. విద్యాసంస్థ ఇచ్చిన మెయిల్‌ను మాత్రం వ్యక్తిగత పనులకు వాడొద్దు, చదువు అయ్యాక అది పోవచ్చు.

రచయితలు, అనువాదకులు, పరిశోధకులకు ఏళ్ల తర్వాత కూడా ఫైళ్లు తెరుచుకోవడం ప్రాణం. సొంత డొమైన్, ఓడీఎఫ్ లేదా సాదా టెక్స్ట్, సింక్‌థింగ్. సిస్టమ్ ఏదైనా ఫర్వాలేదు.

పది, ఇరవై మంది ఉన్న చిన్న సంస్థలకు సొంత సర్వర్ వద్దంటాను. దాన్ని పెట్టిన ఉత్సాహవంతుడు ఉద్యోగం మారితే సంస్థ చిక్కుల్లో పడుతుంది. సొంత డొమైన్ తీసుకోండి. నెక్స్ట్‌క్లౌడ్‌ను నడిపిపెట్టే సంస్థలు ఉన్నాయి, వాళ్లలో ఒకరికి డబ్బు కట్టండి. కోడ్ బహిరంగం కాబట్టి వాళ్లు నచ్చకపోతే ఇంకొకరి దగ్గరికి డేటాతో సహా వెళ్లొచ్చు. డొమైన్, నిర్వాహక ఖాతాలు ఒక వ్యక్తి పేరు మీద కాకుండా సంస్థ పేరు మీద ఉండాలి. దీన్ని వాయిదా వేసిన సంస్థలు పడే అవస్థ అంతా ఇంతా కాదు.

డెవలపర్లు కోడ్‌ను గిట్‌లో (కోడ్‌లో మార్పులన్నీ నమోదు చేసే ప్రోగ్రాంలో) ఉంచినంతవరకు నిశ్చింతగా ఉండొచ్చు, ఒక్కో కాపీలోనూ పూర్తి చరిత్ర ఉంటుంది. బగ్ రిపోర్టులు, చర్చలు, ఆటోమేటిక్ టెస్టుల సెటప్ మాత్రం గిట్‌హబ్‌లోనే ఉండిపోతాయి. అసలు బంధం అక్కడుంది. గిట్‌హబ్ లాంటిదే అయిన కోడ్‌బర్గ్‌లో ఇంకో కాపీ ఉంచండి. క్లౌడ్ ఎంచుకునేటప్పుడు, ఆ కంపెనీ మాత్రమే ఇచ్చే డేటాబేస్ కంటే, ఎక్కడైనా నడిచే పోస్ట్‌గ్రెస్ లాంటిది తీసుకోండి.

ప్రాణభయం, నిఘా భయం ఉన్న పాత్రికేయులు, ఉద్యమకారులు ఈ పోలికను బట్టి నిర్ణయం తీసుకోవద్దు. వాళ్లకు స్వాతంత్ర్యం కంటే ముందు భద్రత కావాలి. అప్‌డేట్లు సరిగ్గా లేని సొంత సర్వర్ కంటే, కట్టుదిట్టంగా పెట్టుకున్న పెద్ద కంపెనీ ఖాతానే వాళ్లకు క్షేమం కావచ్చు. వాళ్ల పరిస్థితి తెలిసిన భద్రతా శిక్షకులను అడగాలి.

అమ్మానాన్నల కోసం చూస్తున్నవాళ్లకు: వాళ్ల కంప్యూటర్ మార్చేముందు వాళ్లనే అడగండి. బ్రౌజర్, వీడియో కాల్, ఫోటోలు తప్ప ఇంకేమీ వాడనివాళ్లకు లినక్స్ మింట్ చాలా సుఖంగా ఉంటుంది. కానీ ఏదైనా ఆగినప్పుడు వెళ్లి చూసే మనిషి దగ్గర్లో ఉన్నప్పుడే ఆ పని చేయండి.

## ఏది ముందు, ఏది తర్వాత

పాస్‌వర్డులు, లాగిన్‌లు మొదట. అవి తేలకుండా ఏదీ కదలదు. తర్వాత సొంత డొమైన్‌తో మెయిల్. కొత్త చిరునామా వచ్చాక పాత ఖాతాను మూసేయకండి. అక్కడి ఉత్తరాలు కొత్తదానికి వచ్చేలా పెట్టండి. వచ్చిన ప్రతి ఉత్తరాన్నీ చూసి, పంపినవాళ్ల దగ్గర చిరునామా మార్చుకుంటూ పోండి. ఏడాది పొడవునా ఇలా చేస్తే ఏటా ఒక్కసారే వచ్చే పన్ను, బీమా ఉత్తరాలు కూడా దొరుకుతాయి. ఫోటోలను ఆ తర్వాత దించుకోండి. పత్రాలు, బ్రౌజర్ ఎప్పుడైనా మార్చుకోవచ్చు. సిస్టమ్ మార్పు పాత కంప్యూటర్‌కు సపోర్ట్ ముగిసినప్పుడో, కొత్తది కొనాలన్న ఆలోచన వచ్చినప్పుడో పెట్టుకోండి. ఫోన్ సంగతి దాన్ని మార్చే రోజున చూడండి, కొనేముందే అది లీనియేజ్‌ఓఎస్ జాబితాలో ఉందో లేదో వెతకండి.